వట్టి తోలేనా?

పుత్తూరు,
ఏప్రిల్ మొదటి వారం

కృపా,

ఇన్నేళ్లకు నా చేతిరాత చూసి ఎవరో పోయినారనుకోబాక. అందరమూ బాగుండాము. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. నా ఫోన్ అంగట్లో గల్లాపెట్టె పక్కన పడుంటాది. మోగితే ఎవరి చెయ్యి దగ్గరుంటే వాళ్లు ఎత్తుతారు. మా అత్త దేవకమ్మకైతే స్పీకర్ పెడితే గానీ వినబడదు. ఇప్పుడు నేను రాసేది స్పీకర్లో చెప్పే మాట కాదు. చిత్తూరు హాస్టల్లో దీపం ఆర్పినాక నీకూ నాకూ మధ్య ఉండేవే, ఆ బాపతు మాట.

నేను సన్నబడినానని నీకు తెలుసు. రెండేళ్ల కిందట మద్రాసులో కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకున్నప్పుడు నూటా ఇరవై కిలోలు ఉంటిని. ఇప్పుడు డెబ్భై. మా ఊరికి ఎముకల కట్టు కోసం యాడాడ నుంచో జనం వస్తారు కదా, వాళ్లు కూడా మా టిఫిన్ అంగట్లో దోసెకు కాచుకుంటా, గోడ మీద నా పాత ఫోటోనూ నన్నూ మార్చి మార్చి చూస్తారు. "ఏం తిని ఇట్లా అయినావమ్మా, మాకూ చెప్పు" అంటారు. నవ్వి ఊరుకుంటాను.

కొవ్వు పోయింది గాని తోలు పోలేదు మే, కృపా. కడుపు మీది తోలంతా కిందికి జారి, తొడల మీదికి వేలాడతా ఉండాది. కూర్చుంటే ఒళ్లో మూట పెట్టుకున్నట్టు ఉంటాది. ఆ మడత కింద ఎప్పుడూ చెమ్మే. పెనం ముందర గంట నిలబడితే ఒరుసుకొని పుండ్లు పడతాయి. పాత నూలు చీర చింపి పేలికలు మడిచి పెట్టుకుంటాను. మధ్యాన్నానికి తడిసిపోతాయి, ఒక్కోనాడు నెత్తురు కూడా అంటతాది. పొడి చల్లితే, మందు పూస్తే మానుతాది, మళ్లీ వస్తాది. వాసన కొడుతుందేమోనని గుళ్లో కూడా ఒకరి పక్కన నిలబడను.

పోయిన నెల తిరుపతి బస్సులో ఒక చదువుకునే పిల్ల గబుక్కున లేచి, "కూర్చోండి ఆంటీ, ఎన్నో నెల?" అనింది. నాకు నలభై నాలుగేళ్లు. "ఏడు" అని చెప్పి కూర్చున్నాను. ఇంకేం చెప్పేది?

ఆ పొద్దు పోయింది డాక్టరమ్మ దగ్గరికే. కొవ్వు పీల్చే పద్ధతితో నీకు పని లేదు, తోలు అట్లే మిగిలిపోతాది, కోసి తీసేయాల్సిందే అనింది. దాంట్లో రెండు రకాలంట. ఒకటి, వేలాడే తోలు మటుకు కోసేసి కుట్టేది. రెండోది టమ్మీ టక్. పై తోలు కూడా కిందికి లాగి, లోపల వదులైపోయిన కండరాలు బిగించి, బొడ్డుకు కొత్త చోట దారి తెరిచి పెడతారంట. నాకు ఆ పెద్దదే కావాలని ఉండాది. పుండ్లు పోతే చాలదు కృపా. అద్దంలో చూసుకోవాల.

ఆయన సరేనన్నాడు. నువ్వేమంటావు?

నీ
భాను

*

నాయుడుపేట,
ఏప్రిల్ 20

భానూ,

నేనేమంటానో తెలిసే అడిగినావు. వద్దు అంటాను.

ఒకసారి కోయించుకున్నావు, ప్రాణంతో బయటపడినావు. షుగరు పోయింది, మోకాళ్ల నొప్పి పోయింది. ఇంకా అందం కోసం మళ్లీ కత్తి కిందికి పోతావా? చీర కట్టుకునేవాళ్లం మనం. లోపల ఎట్లుంటే ఎవరికి తెలుస్తుంది? పుండ్లకు మంచి మందు రాయించుకో. పెనం దగ్గర ఇంకొకరిని పెట్టుకో.

మా అక్క సంగతి నీకు తెలియనిది కాదు. గర్భసంచి ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టరు చెప్పినాక మేమంతా క్యాంటీన్లో కాఫీ తాగినాము. కాలిలో నెత్తురు గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోయిందంట. ఇంటికి పంపిస్తామన్న రోజే పోయింది. అప్పటినుంచి ఎవరైనా ఆపరేషన్ అనే మాట ఎత్తితే నేను లేచి అవతలికి పోతాను. ఆమెది తప్పనిసరి, చేయించుకుంది. నీది తప్పనిసరి కాదు.

ప్రతాప్ అన్న ఎట్లా ఒప్పుకున్నాడో నాకు అర్థం కాలేదు. నీకు జలుబు చేస్తేనే అంగడి మూసే మనిషి.

కోపంగా రాసినానని తెలుసు. నీ కోసం ప్రార్థన చేస్తూనే రాసినాను.

కృపారాణి

*

పుత్తూరు,
మే 2

కృపకు,

నీ ఉత్తరం అందింది.

అందం కోసం అని రాసినావు. అవును, కొంత అందం కోసమే. దానికి నేను సిగ్గుపడాలనా? మిగతాది మాత్రం చీర కింద ఎట్లుంటే ఏమి అనుకునేది కాదు. నువ్వు చూడలేదు.

ఎండాకాలం సెలవులే కదా. ఒకపూట వచ్చి పో. వచ్చి, చూసి, అప్పుడు వద్దని చెప్పు. నేను వింటాను.

భాను

*

నాయుడుపేట,
మే 26

భానూ,

బస్సు దిగి ఇంటికి వచ్చినాక కూడా నా కళ్ల ముందు అదే ఉంది. నువ్వు తలుపు గడియ పెట్టి, ఆ మడత రెండు చేతులతో ఎత్తిపట్టి, "ఇదిగో, నీ చీర కింద సంగతి" అన్నావే. కింద అంతా పచ్చిగా, ఎర్రగా. ఆ పేలిక తీసేటప్పుడు అది అంటుకొని వచ్చింది, నువ్వు ఉలిక్కిపడను కూడా లేదు. అలవాటైపోయింది నీకు. నాకు అదే ఏడుపు తెప్పించింది. మందు రాయించుకో అని రాసిన నా చేతిని నేనే కొట్టుకోవాల. చేయించుకో. ఏదైనా చేయించుకో.

ఇప్పుడు ఇంకొక మాట. దీనికి నువ్వు నా మీద కోపపడినా సరే.

ప్రతాప్ అన్న నన్ను బస్టాండుకు దించను వచ్చినాడు కదా. స్కూటర్ ఆపి, నా సంచీ చేతికి ఇవ్వకుండా పట్టుకొని నిలబడినాడు. "కృపమ్మా, భాను నీకేమైనా చెప్పిందా?" అన్నాడు. "దేని గురించి అన్నా?" అన్నాను. "నాకు తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను? ఏడాది పైగా నా మనిషి నాకు కాకుండా పోయింది. చీర మార్చుకోను కూడా తలుపేసుకుంటాది. చెప్పకుండా తిరుపతి ఆసుపత్రికి పోతాది. డాక్టర్లు ఏమన్నారో నీకన్నా చెప్పిందా?" అన్నాడు.

భానూ, ఆయన సరేనన్నాడని నాకు రాసినావు. ఆయనకు ఏమీ తెలియదు.

"భయపడే సంగతి కాదన్నా, ఆమెనే అడుగు" అన్నాను. ఆయన నమ్మలేదు. నేను ఓదారుస్తున్నాననుకున్నాడు. బస్సు కదిలే దాకా కిటికీ కింద నిలబడి నా ముఖంలోకే చూసినాడు, అందులో ఏదో రాసి ఉన్నట్టు. ఆ మనిషి ఏమనుకుంటున్నాడో నాకు తెలియదు గాని, ఆ చూపు మంచిది కాదు.

నీ కడుపు చూసి నేను పారిపోలేదు కదా. ఆయనకు చూపించు.

నీ
కృప

*

పుత్తూరు,
జూన్ 9

కృపా,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు నీ మీద మండిపడినాను. అయిదో రోజుకు కోపం పోయి భయం మిగిలింది. అవును, అబద్ధమే రాసినాను. ఆయనను అడిగితే చూపించాల్సి వస్తాది. లావుగా ఉన్నప్పుడు నాకు సిగ్గు లేదే. సన్నబడినాక వచ్చింది సిగ్గు. అందరూ మీ ఆవిడ ఇట్లా అయిందే, అట్లా అయిందే అని ఆయనతో అంటా ఉంటే, ఆయన ముఖం విచ్చుకునేది. ఆ మనిషికి ఇది చూపించేదా అనుకున్నా.

పోయిన ఆదివారం మధ్యాన్నం అంగడి కట్టేసి, మిద్దె మీద ఆరేసిన గుడ్డలు ఎత్తుకొస్తా ఉండాడు. "ఒక్క నిమిషం లోపలికి రా" అన్నాను. గుడ్డలు మంచం మీద వేసి, గుమ్మం పట్టుకొని నిలబడినాడు.

"చెప్పేస్తావా?" అన్నాడు.

"చెప్పను. చూపిస్తా" అన్నా.

కిటికీ మూయలేదు. ఎండ లోపలికి పడతానే ఉండాది. చీర తీసినాను. పేలికలు తీసినాను. కళ్లు మూసుకొని నిలబడినాను. కళ్లు తెరిస్తే, నా ముందర మోకాళ్ల మీద కూర్చొని, ఆ మడతను చేత్తో మెల్లగా ఎత్తి కిందికి చూస్తా ఉండాడు.

"ఇదేనా?"

"ఇదే."

"లోపల?"

"లోపల ఏముంటాది?"

"గడ్డ. గడ్డ లేదా?"

"గడ్డ ఏంది?"

"క్యాన్సర్ కాదా?"

"క్యాన్సర్ ఏంది? తోలు ఇది. సన్నబడితే జారిపోయిన తోలు. చెమటకు పుండ్లు పడినాయి" అన్నాను.

"తోలేనా? వట్టి తోలేనా భానూ?"

"వట్టి తోలే."

అట్లే నేల మీద కూలబడి, మంచం కోడుకు వీపు ఆనించి నవ్వను మొదలుపెట్టినాడు. నవ్వు ఆగలేదు. నవ్వుతా నవ్వుతానే ఏడుపులోకి దిగినాడు. పెండ్లయినాక ఆయన ఏడిస్తే నేను చూసింది అదే మొదలు. చీర లేకుండానే ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన చూస్తాడే అనే ఆలోచనే రాలేదు.

మెల్లగా చెప్పినాడు. దొడ్లో నేను పూడ్చిపెట్టే నెత్తుటి పేలికలు చూసినాడంట. ఐరాలలో ఆయన మేనత్త కూడా ఇట్లే సన్నబడి, ఇట్లే గుడ్డలు దాచిపెట్టి, ఎవరికీ చెప్పకుండా పోయిందంట. నేను తిరుపతికి పోయొచ్చిన ప్రతిసారీ, ఈ పొద్దు చెప్తుంది, ఈ పొద్దు చెప్తుంది అని కాచుకున్నాడంట. నన్ను అడిగితే నేను ధైర్యం విడుస్తానని అడగలేదంట. ఊరికే కాణిపాకం పోయొస్తానని బండెక్కి పోతా ఉంటే, ఈ మనిషికి భక్తి ఎక్కువైందే అనుకుంటి. ఆడ కూర్చొని ఏడ్చి వస్తా ఉండినాడు.

మా అత్త తలుపు కొట్టింది. "ఏమైందిరా? ఏమైందిరా అబ్బోడా?"

"ఏమీ కాలేదుమా! ఏమీ కాలేదు!" అని లోపలినుంచి అరిచినాడు. ఆ మాట నాకు ఇంకా చెవుల్లో ఉండాది.

సాయంత్రం ఆయనే పోయి మెత్తటి గాజుగుడ్డ తెచ్చినాడు. ఇప్పుడు పుండ్లకు మందు పూసేది ఆయనే.

నీకు ఎట్లా కృతజ్ఞత చెప్పాలో తెలియక ఇంత పొడుగు రాసినాను.

నీ
భాను

*

నాయుడుపేట,
జూన్ 17

భానూ,

స్టాఫ్ రూంలో నీ ఉత్తరం చదువుతా, "వట్టి తోలే" అన్న చోట గట్టిగా నవ్వేసినాను. తరువాత కళ్లు తుడుచుకున్నాను. పక్కన కూర్చున్న లెక్కల సారు ఏమైంది మేడమ్ అంటే, ఒక మనిషికి జబ్బు లేదని తెలిసిందండీ అన్నాను. ఆయన కూడా సంతోషపడినాడు పాపం, ఎవరో తెలియకపోయినా.

ఇంక ఆలోచించబాక, ఆ పెద్ద ఆపరేషనే చేయించుకో. కోసేది ఎట్లాగూ కోస్తారు, సగం పని ఎందుకు? నడుము బిగించి, బొడ్డు సర్దించి, కాలేజీ రోజుల్లో మాదిరి తయారవు. నేను సెలవు పెట్టి నీ దగ్గర ఉంటాను. వద్దు అన్న నోటితోనే చెప్తా ఉన్నా.

ఒక్కటి మాత్రం డాక్టరమ్మను అడుగు. కాలిలో గడ్డకట్టకుండా ఏం చేస్తారో అడిగి నాకు రాయి.

కృప

*

పుత్తూరు,
జూలై 13

కృపా,

ఇద్దరమూ తిరుపతి పోయొచ్చినాము. ఆయన లోపలికి రానంటాడేమో అనుకుంటి. నాకంటే ముందర పోయి కుర్చీలో కూర్చున్నాడు.

డాక్టరమ్మ నన్ను నిలబెట్టి, పక్కకు తిప్పి, తోలు పట్టి చూసి, దగ్గమని, పడుకోబెట్టి తల ఎత్తమని కండరాలు చూసింది. హెర్నియా లేదు, అది ఉంటే లెక్క వేరేగా ఉండేది అనింది. తరువాత కాగితం మీద కడుపు బొమ్మ వేసి చెప్పింది.

చిన్న ఆపరేషన్లో ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కింద ఒక కోత. వేలాడేది పోతాది, పుండ్లు పడే మడత పోతాది. కండరాలు ముట్టుకోరు. బొడ్డుకు పైన ఉండే వదులు అట్లే ఉంటాది. చీర కట్టుకుంటే తెలియదు, అద్దంలో తెలుస్తాది. పెద్దదాంట్లో కడుపు బల్లగా అవుతాది. అయితే మత్తులో ఎక్కువసేపు ఉండాల, నొప్పి ఎక్కువ, కొన్నాళ్లు వంగి నడవాల, లోపల నీరు చేరేది, కుట్లు విచ్చుకునేది కూడా ఎక్కువే. నా మాదిరి బాగా తగ్గినవాళ్లకు ఒక్కోసారి నిలువుగా ఇంకో కోత కూడా పెట్టాల్సి వస్తాదంట. ఇప్పుడు చిన్నది చేయించుకొని, కావాలంటే తరువాత పెద్దది చేయించుకోవచ్చు గాని, మళ్లీ కోయించుకోవాల, మళ్లీ మానాల.

ఆయన అడిగినాడు: "దేంట్లో ప్రాణానికి భయం లేదు మేడమ్?"

"భయం లేని ఆపరేషన్ లేదండీ. చిన్నదాంట్లో తక్కువ. ఈమెకు నెత్తురు కూడా తక్కువగా ఉంది. ఏది చేసినా, అది పెరిగినాకే."

నీ ప్రశ్న కూడా అడిగినాను. కాళ్లకు బిగుతు మేజోళ్లు వేస్తారంట, అవసరమైతే పొట్ట మీద సూది వేస్తారంట, వీలైనంత తొందరగా లేపి నడిపిస్తారంట. "మీ వాళ్లు ఎవరికైనా అట్లా జరిగిందా?" అనింది. మీ అక్క సంగతి చెప్పినాను. కలం పక్కన పెట్టి వినింది. "ఈమెను పడుకోనివ్వకుండా నడిపించను మనిషి ఉండారా?" అనింది. ఆయన చెయ్యెత్తినాడు, బళ్లో పిల్లోడి మాదిరి.

"రెండిట్లో ఏది మంచిదని నన్ను అడగొద్దు. మీకేం కావాలో చెప్పండి" అనింది చివరికి.

కృపా, నువ్వు పెద్దదే అన్నావు. ఏప్రిల్లో అయితే నేనూ అదే అని లేచి వచ్చేసేదాన్ని. ఇప్పుడు ఆడ కూర్చొని ఆలోచిస్తే, నేను ఆ పెద్దది ఎందుకు కోరుకున్నానో తెలిసింది. ఆయన చూసే లోపల అంతా సరిచేసేయాలని. కొత్త కడుపు వచ్చినాక చూపించాలని. ఆయన చూసేసినాడు కదా. రోజూ చూస్తా ఉండాడు. ఆ ఆశలో సగానికి సగం ఆ ఆదివారమే పోయింది.

మిగిలిన సగం ఉండాది, లేదనను. నున్నటి కడుపు ఎవరికి వద్దు? గాని నాకు ముందు కావలసింది, పెనం ముందర నిలబడితే మంట పుట్టకుండా ఉండేది. గుళ్లో మనుషుల మధ్య నిలబడేది. అందుకే చిన్నదే అని చెప్పినాను. "సరిగ్గా ఆలోచించినారా?" అని ఆమె రెండుసార్లు అడిగింది. ఆలోచించినాను అన్నా.

ఇనుము మాత్రలు, గుడ్లు, పప్పు, సూదులు. నెత్తురు పెరగను రెండు మూడు నెలలు పడతాదంట. మా అత్తకు చెప్పేసినాము. "ఇంతేనా, దీనికేనా మీరిద్దరూ తలుపేసుకొని ఏడ్చింది" అనేసి, ఆ రోజు నుంచి నా అన్నం తట్టలో రెండు గుడ్లు వేసి, తినే దాకా ఎదురుగా కూర్చుంటాది.

భాను

*

నాయుడుపేట,
జూలై 24

భానూ,

చిన్నదే అన్నావు. మొదట కొంచెం నిరాశ పడినాను, అబద్ధమెందుకు. నీ నడుము గురించి నేను కలలు కన్నాను మరి. తరువాత నీ ఉత్తరం మళ్లీ చదివినాను. ఏప్రిల్లో రాసిన భాను కాదు ఇది.

మా అక్క సంగతి డాక్టరమ్మ కలం పక్కన పెట్టి వినిందని రాసినావు చూడు, ఆ ఒక్క ముక్కతో నా భయం చాలా దిగింది. తేదీ ఖాయమైతే చెప్పు. మొదటి నడకకు ఒక పక్క ప్రతాప్ అన్న, ఇంకో పక్క నేను.

నీ
కృప

*

పుత్తూరు,
డిసెంబరు

కృపా,

నువ్వు ఊరికి పోయినాక ఇదే మొదటి ఉత్తరం. ఆపరేషనప్పుడు నువ్వున్న ఆ నాలుగు రోజులు నన్ను పడుకోనిచ్చినావా? కళ్లు తెరిస్తే చాలు, "లే, నడువు, లే, నడువు." ఆ వార్డులో నర్సులు నీకు భయపడినారు. కోతలోంచి నీరు దిగే గొట్టాలు చేత్తో పట్టుకొని నేను, సెలైన్ స్టాండు తోస్తా ఆయన, వెనక ప్రార్థన చేసుకుంటా నువ్వు. చూసినవాళ్లు ఏదో ఊరేగింపు అనుకునుంటారు.

తరువాత సంగతులు ఫోన్లో అన్నీ బాగుండాయనే చెప్పినాను, మా అత్త స్పీకర్ పెట్టింది కాబట్టి. పూర్తిగా బాగా ఏమీ లేదు. కోత మధ్యలో ఒక చోట విచ్చుకునింది. లోపల నీరు చేరితే రెండుసార్లు సూదితో తీసినారు. కట్టు మార్పించుకునేదానికి తిరుపతికి తిరిగేదే సరిపోయింది. ఒకనాడు బస్సులోనే ఏడ్చేసినాను, ఎందుకు చేయించుకున్నానా అని. "మానతాది, మానే పుండు ఇది. ముందరిది మాననిది" అన్నాడు ఆయన. నిజమే. మెల్లగా, అడుగునుంచి పూడుకుంటా వచ్చింది.

పోయిన సోమవారం డాక్టరమ్మ చూసి, అంతా మానింది, పొట్టకు కట్టిన బెల్టు తీసేయొచ్చు, పిండి గిన్నె ఎత్తొచ్చు, ఎట్లా కావాలంటే అట్లా పడుకోవచ్చు అనింది. బయటికొచ్చి ఆయన ఆసుపత్రి వాచ్‌మన్‌కు కూడా టీ ఇప్పించినాడు.

నా కడుపు ఎట్లుందో అడుగుతావు కదా. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా ఎర్రటి గీత. పైన ఇంకా వదులుగానే ఉండాది, వంగితే ముడతలు పడతాది. అందంగా లేదు. గాని కింద పొడిగా ఉండాది. కృపా, పొడిగా ఉండేది అంటే ఏమో నేను మరిచిపోయింటిని. స్నానం చేసి తుడుచుకుంటే అయిపోతాది, అంతే. ఇంక పూసేది లేదు, మడిచి పెట్టేది లేదు. మొదటి రెండు రోజులు ఏదో మరిచిపోయినాను, ఏదో మరిచిపోయినాను అని ఇల్లంతా తిరిగినాను.

నిన్న మధ్యాన్నం అంగట్లో పని తగ్గినాక లోపలికొచ్చి, చాప కూడా వేసుకోకుండా సిమెంటు నేల మీద బోర్లా పడుకున్నాను. ఊరికే, చూద్దామని. నేల చల్లగా పొట్టకు తగిలింది. యాడా ఒరుసుకోలేదు, మండలేదు. ఎన్నేళ్లయిందో ఇట్లా పడుకొని. చెంప చేతి మీద పెట్టుకున్నాను, అంతే తెలుసు.

మెలకువ వచ్చేసరికి సాయంత్రపు జనం వచ్చేసినారు. పెనం మీద పిండి పోసే చప్పుడు, ఆయన గొంతు, గ్లాసుల చప్పుడు. ఎవరో గట్టిగా రెండు దోసెలని కేక వేసినారు. దానికి మా అత్త గుమ్మంలో నుంచి అంటా ఉండాది: "మెల్లగా అడగండప్పా. లోపల పిల్ల నిద్రపోతా ఉండాది."

పిల్లంట. నేను.

లేవాల, ఆయన ఒక్కడే ఉండాడు అనుకున్నాను. అనుకొని, ఇంకొంచేపు అట్లే పడుకున్నాను.

నీ
భాను